బెల్టు లేకుండా తిరిగిన కార్బన్ ఫీడర్

సర్వశక్తిమంతుడైన దేవునికి స్తోత్రం. ఊపిరి ఇచ్చినవాడు ఆయనే, దాని లెక్క అడిగేవాడూ ఆయనే. ఆయన నామానికి మహిమ కలుగును గాక.

నేను దయ్యాలను నమ్మను. చనిపోయినవాళ్లు తిరిగి రారని సండే స్కూల్లో పిల్లలకు నేర్పినవాణ్ణి. ఈ మాట ముందే చెబుతున్నాను.

వరంగల్ శివారులో ఆసుపత్రి చెత్త కాల్చే ప్లాంటులో నేను ఆపరేటర్‌ని. మా అక్క భర్త ప్రకాశం బావ అక్కడే పొగగొట్టం దగ్గర పనిచేసేవాడు. చెత్తలో పగిలిన థర్మామీటర్లు వస్తాయి. వాటిలోని పాదరసం ఆవిరై పొగలో కలుస్తుంది. కంటికి కనబడదు, పొగను వడకట్టే సంచుల ఫిల్టరుకు చిక్కదు. అందుకే ఫీడర్ అనే యంత్రంతో పొగలోకి యాక్టివేటెడ్ కార్బన్ చల్లుతారు. పాదరసం ఆ నల్లటి పొడికి అంటుకుని సంచుల్లో ఆగిపోతుంది.

పొడి వల్ల సంచులు మూసుకుపోయి పని నెమ్మదిస్తోందని మేనేజర్‌కు కోపం. "ఫీడర్ బెల్టు తీసి పక్కన పెట్టు. తనిఖీకి వచ్చిననాడు ఎక్కిద్దాం" అన్నాడు. మోటారు నుంచి ఫీడర్‌ను తిప్పేది ఆ బెల్టే. నా చేతులతోనే తీసి లాకర్లో పెట్టాను. పొగగొట్టం అతుకు ఊడి, పొగ బావ మీదికే వస్తోందని తెలిసి కూడా.

కొన్ని నెలలకు బావ చేతులు వణకడం మొదలైంది.

"ఏంది బావా, చేతులట్ల వణుకుతానయ్?"

"నోరు మూసినా చేతులు ప్రార్థన చేస్తానయ్ బామ్మర్దీ" అని నవ్వేవాడు.

మా చర్చి సంఘంలో ప్రభువు బల్ల రోజున ద్రాక్షరసం గిన్నెల పళ్లెం పట్టుకుని వరుసల్లో తిరిగేది బావే. ఒక ఆదివారం ఆ రసం ఓ పెద్దమ్మ తెల్లచీర మీద ఒలికింది. "పొద్దుగాల్నే ఏసుకొచ్చినట్టున్నడు" అని వెనక నుంచి ఎవరో అన్నారు. ఆ వారమే సంఘపెద్ద ఆయన్ని పరిచర్య నుంచి తప్పించాడు. జీవితంలో చుక్క ముట్టని మనిషిని.

"నువ్వన్న చెప్పురా, ఆయన తాగడని" అని అక్క బతిమాలింది. మరి చేతులెందుకు వణుకుతున్నాయని సంఘంవాళ్లు అడిగితే బెల్టు సంగతి చెప్పాలి. ఉద్యోగం పోతుంది. డ్యూటీకి టైమైందని లేచొచ్చేశాను.

రెండు నెలలకు బావ దవాఖానలో పోయాడు. ఒంట్లో పాదరసం చేరిందని డాక్టరమ్మ చివర్లో నాకు చెప్పింది. సంఘం మాత్రం ఆయన్ని తాగుబోతుగానే పాతిపెట్టింది.

పాతిపెట్టిన మూడో రోజు మధ్యాహ్నం డ్యూటీకి వెళ్లాను. ఫీడర్ గరగరమంటోంది. పొడిని ముందుకు తోసే లోపలి స్క్రూ తిరుగుతోంది. మోటారు స్విచ్ ఆపే ఉంది. లాకర్ తెరిచాను, బెల్టు అందులోనే ఉంది. పొడి తొట్టి ఖాళీ. పొద్దున దాకా ఫిల్టరు కింద బూడిదరంగు దుమ్ము పడేది. ఇప్పుడు నల్లగా పడుతోంది. గుప్పిట్లోకి తీసుకుని చూశాను, కార్బనే.

ఫిట్టర్ మల్లేశన్న కూడా చూశాడు. "జర ఆపురా అయ్యా!" అని అరిచాడు. ఆపడానికి ఏముంది? పది నిమిషాలు తిరిగి దానంతటదే ఆగింది.

ఆ ఆదివారం సంఘం ముందు నిలబడి అంతా చెప్పాను. ఉద్యోగం పోయింది. సంఘపెద్ద మాత్రం "అయిపోయినదాన్ని ఇప్పుడెందుకు తోడుతవ్ తమ్మీ?" అని తర్వాతి పాట నంబరు చెప్పాడు.

ఆ స్క్రూ ఎలా తిరిగిందో ఇప్పటికీ నాకు తెలియదు. దయ్యమని అనను. దేవుడే తిప్పాడని అనే అర్హత నాకు లేదు.

అక్క చర్చికి రావడం మానేసింది. ఇంట్లో ఒక్కతే మోకరిస్తుంది, నా పక్కన మాత్రం మోకరించదు. చదువుతున్న మీరు ఒక్క నిమిషం కళ్లు మూసుకుని నాతో కలిసి అడగండి: ప్రభువా, ప్రకాశం తాగలేదు. అది తెలిసి ఊరుకున్నవాణ్ణి నేను. ముందు మా అక్కను ఓదార్చు. నన్ను క్షమించే సంగతి తర్వాత చూడు. ఆమేన్.