మరిది రాని కిటికీ

ఆమె భర్త లారీ మెకానిక్. నడుం నొప్పికని మొదలుపెట్టిన ఇంజెక్షన్ అతన్ని వదల్లేదు. షెడ్డు వెనక అతనూ తమ్ముడూ ఒకే సూదితో పొడుచుకునేవారు. ఒకరి రక్తంలోని జబ్బు రెండోవాడికి పాకింది. పెద్దవాడు కామెర్లు ముదిరి నలభై దాటకుండానే పోయాడు.

ఏడాది తిరక్కుండా ఆమె సూదుల కేంద్రంలో పనికి కుదిరింది. మత్తుకు అలవాటుపడ్డవాళ్ల చేత వాడేసిన సూదులు డబ్బాలో వేయించుకుని, జబ్బులు అంటకుండా కిటికీలోంచి కొత్తవి ఇవ్వాలి. వచ్చేవాళ్లంతా ‘సూదక్క’ అని పిలిచేవారు. తల్లి మాత్రం మండిపడింది.

“మొగుణ్ణి పొట్టన పెట్టుకున్న సూదుల్నే పంచుతావా?”

“ఆయనకీ రోజుకో కొత్తది దొరికుంటే ఇవాళ ఇంట్లో ఉండేవాడమ్మా.”

కిటికీకి అందరూ వచ్చేవారు, మరిది తప్ప. ఒకరోజు రంగులు వేసే పనివాడొకడు అసలు సంగతి చెప్పాడు. “మీరుంటారనే రాడక్కా. మేం వాడేసినవి అడుక్కుంటాడు.”

మర్నాడు ఆమె కేంద్రంలోని డాక్టరమ్మ దగ్గరికెళ్లి, “గురువారాలు నన్ను వెనక గదిలో వేయండి. ఆ రోజు నేనుండనని బయట చెప్పండి” అంది.

మూడో గురువారం మరిది వచ్చాడు. లోపల దూది చుట్టలు సర్దుతున్న ఆమెకు ఆ దగ్గు వినగానే తెలిసిపోయింది. తలుపు తియ్యలేదు. అలా నాలుగు నెలలు గడిచాక అతను రక్తపరీక్షకు ఒప్పుకున్నాడు. ఫలితం వచ్చిన రోజు, ఇంటివాళ్లెవరైనా ఉన్నారా అని డాక్టరమ్మ అడిగితే, నేలచూపులు చూస్తూ, “వదినుంది” అన్నాడు.

అప్పుడు ఆమె తలుపు తీసింది.

అన్న జబ్బే. మాత్రలతో క్రిమి పోతుందిగానీ, గట్టిపడిన కాలేయం బాగుపడుతుందని చెప్పలేనని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది.

మెట్ల మీద అతను ఆగాడు. “అన్నయ్యకి అంటించింది నేనేనా వదినా?”

“ఎవర్నుంచి ఎవరికొచ్చిందో ఏ పరీక్షా చెప్పదు.”

“నువ్వేమనుకుంటున్నావ్?”

“నువ్వేననుకున్నా. చచ్చినా నీ మొహం చూడకూడదనుకున్నా.” ఆమె సూదుల పొట్లం అతని చేతిలో పెట్టింది. “ఇవి నీకొక్కడికే. నీది ఇంకొకడికి ఇవ్వకు, ఇంకొకడిది నువ్వు ముట్టుకోకు.”

మూడు నెలల మాత్రలూ అతను మానకుండా మింగాడు. సూది మానలేకపోయాడు. క్రిమి పోయింది. కానీ మరుసటి వానాకాలానికి పొట్టలో నీరు చేరింది. ఆస్పత్రిలో పదకొండు రోజులు మంచం పక్కన ఆమే కూర్చుంది. చివరికి మనుషుల్ని పోల్చుకోలేక, ఆమె చేతినే పట్టుకుని అడిగాడు.

“నర్సమ్మా, మా వదిన వచ్చిందా?”

“వచ్చింది. పడుకో.”

మర్నాడు మధ్యాహ్నం పోయాడు. కాగితాల మీద సంతకం ఆమే పెట్టింది.