బొటనవేలితో బేరం

జనగామలో మాది జాకెట్ ముక్కల కొట్టు. నాన్న కాలం నుంచీ పద్ధతి ఒక్కటే: అంచున కత్తెరతో చిన్న గాటు పెట్టి, మిగతాది చేతులతో చర్రున చింపడం. ఆ చప్పుడు వింటే గాని కొలత సరిగ్గా ఉందని కొనేవాళ్లు నమ్మరు.

పెళ్లిళ్ల ముందు ఆ చెయ్యే మొరాయించింది. కుడి బొటనవేలి మొదట్లో నొప్పి. చెంబు ఎత్తినా సలుపే. నేను చింపలేకపోతే కొట్టులో కూర్చునేది మా ఆయన. ఆయన చింపితే జాకెట్ ముక్క మూడు మూలల జెండాలా వస్తుంది.

దవాఖానకు వెళ్లాను. కుర్ర డాక్టరు వేలు వంచి చూశాడు. "నరం వాసిందక్కా. మూడు వారాలు గీ పట్టీ కట్టుకో. చింపుడు బంద్. రెండు పూటలా గోరువెచ్చని నీళ్లల్ల చెయ్యి పెట్టు."

"మూడు వారాలా? ఆఖరి మాట చెప్పు సారూ. నాలుగు రోజులు."

"గిది బట్టల కొట్టు కాదక్కా."

"నీ మాట వద్దు, నా మాట వద్దు. వారం" అని లేచి గుమ్మం దాకా నడిచాను. లేచిపోతే వెనక్కి పిలుస్తారన్నది నా అనుభవం. పిలిచాడు కూడా, చీటీ మరిచిపోయానని. దాన్ని ఒప్పుకున్నట్టే జమ కట్టుకున్నాను.

ఎనిమిదో రోజుకు నొప్పి లేదు. పట్టీ విప్పేసి, మధ్యాహ్నం లోపు డజను ముక్కలు చింపాను. మర్నాడు పొద్దున నా జాకెట్ హుక్కులు నేనే పెట్టుకోలేకపోయాను. కొంగు కప్పుకుని పక్క కొట్టులో మిషన్ కుట్టే ముస్లిం అక్క, మా ఆపా దగ్గరికి పరిగెత్తాను.

డాక్టరుతో నా బేరం సంగతి విని, ఆమె హుక్కులు పెడుతూ పకపకా నవ్వింది. "లేచిపోతానంటే తగ్గనీకి నీ వేలు ఏమన్న యాపారస్తుడా అక్కా? నాకూ పోయినేడు గిదే నొప్పి లేచింది. నొప్పి పోయినంక గూడ జర ఆగాలె. ఇగ చింపకు. బల్ల మీద పరిచి పెద్ద కత్తెరతోని కొయ్యి. జోరు భుజం మీద పడాలె, బొటనవేలు మీద గాదు."

తనే నన్ను మళ్లీ దవాఖానకు లాక్కెళ్లింది.

"ఇప్పుడైతే నాలుగు వారాలు" అన్నాడు డాక్టరు.

నోరు తెరిచాను. ఆపా నా వైపు చూసింది. మూశాను.

ఆ నాలుగు వారాలూ మా ఆయన కొట్టులో జెండాలే అమ్మాడు. ఇప్పుడు బల్ల మీద కత్తెరతో నేను కోస్తున్నాను.

"చప్పుడు లేదేందక్కా? కొలత సరిగ్గనే ఉన్నదా?" అంటారు కొనేవాళ్లు.

"కావాల్నంటే చప్పుడు నోటితోని చేస్త."

"గట్లయితే చప్పుడు లేనందుకు జర తగ్గించు."

తగ్గించను. పొద్దున హుక్కులన్నీ నేనే పెట్టుకుని వచ్చాను మరి.