బంటింగ్ బస్సులో పగిలిన సీసా

మలేషియాలో బంటింగ్ నుంచి క్లాంగ్ వెళ్ళే బస్సులో నా పక్కన ఫ్యాక్టరీ చొక్కా తొడుక్కున్న మనిషొకడు ముందు సీటు కడ్డీకేసి కణత కొట్టుకుంటున్నాడు.

ఇక్కడి తెలుగువాళ్ళం కడుపు నొప్పయినా, కాలు బెణికినా ముందు ఘాటు మందు నూనె రాస్తాం. ఆ చిన్న పచ్చ సీసా లేని ఆడవాళ్ళ సంచీ ఉండదు. "అయ్యో నాయనా" అంటూ, అడక్కుండానే ఇంత నూనె అరచేతిలో ఒంపి అతని కణతకి అద్దాను.

అతను గావుకేక పెట్టాడు. సీసా లాక్కుని నేలకేసి కొట్టాడు. బస్సంతా ఘాటు కమ్మేసింది. "తాగుబోతు!" అని ఎవరో మలయ్‌లో అరిచారు. ఇద్దరు మగవాళ్ళు కాలరు పట్టి లాగి పిడిగుద్దులు గుద్దారు. పెదవి చిట్లింది. దెబ్బలు పడుతున్నంతసేపూ అతను రెండు చేతులతో కళ్ళే కప్పుకున్నాడు. కిటికీలోంచి ఎండ సూటిగా మొహమ్మీద పడుతోంది.

"తాగనేదక్కా," అన్నాడు నాతో తెలుగులో. "మైగ్రేను తలనొప్పి. ఆ వాసన తగిల్తే తల పేలిపోతాది."

"ఆపండి!" అని అరుస్తూ మధ్యలో దూరాను. ఒక గుద్దు నా భుజానికీ తగిలింది. అప్పుడు ఆగారు.

"ఏటైనా తిన్నావా?" అని అడిగాను.

"నేదు. నైట్ షిఫ్టు సేసినాను. నిద్ర నేదు, తిండి నేదు. ఏలకి తిని పడుకుంటే ఇది రాదని తెలుసు. ఓవర్‌టైం ఏస్తే ఎలా కుదురుతాదక్కా?"

నా చున్నీ తీసి అతని మొహమ్మీద కప్పాను. పెదవి దగ్గర రక్తం మరక మెల్లగా పెద్దదైంది.

ఇప్పటికీ ఎవరైనా తల పట్టుకుంటే నా చెయ్యి దానంతటదే సంచిలోకి పోతుంది. సీసా తగలగానే ఆగిపోతుంది.