దానియేలు జేబులో మిరప గింజలు

మిర్చి యార్డులో టిక్కీ బస్తా మోసే హమాలీకి లారీ దాకానే బరువు. అక్కడ బస్తా దించి, తువ్వాలుతో మెడ తుడుచుకుని, టీ తాగుతాడు. నేను ఎనిమిదేళ్ళుగా దించకుండా మోస్తున్న బరువొకటి ఉంది. పైకి కనిపించదు. కనిపించదు కాబట్టే ఇన్నాళ్ళు మోయగలిగాను.

మీరెవరో నాకు తెలియదు. అదే నాకు ధైర్యం. ఎదురుగా కూర్చుని ముఖంలోకి చూసేవాళ్ళకైతే ఈ సంగతి చెప్పలేను. నా పేరు రాయను. రాస్తే గుంటూరు మిర్చి యార్డులో సగంమంది గుర్తుపడతారు. నాదక్కడ కమిషన్ కొట్టు. ఇప్పుడు కొడుకు చూసుకుంటున్నాడు. నాకు అరవై తొమ్మిదేళ్ళు. మోకాళ్ళు తప్ప ఒంట్లో మిగిలినవన్నీ మాట వింటున్నాయి. పొద్దున్నే రెండు ఇడ్లీ తిని, పేపరు చదివి, యార్డులో ఒక చుట్టు తిరిగి వస్తాను. నిజం చెప్పాలంటే సుఖంగానే ఉన్నాను. కుమిలిపోయి చిక్కి శల్యమయ్యాననుకోకండి. ఎవరి సుఖం పాడుచేశానో తెలిసి కూడా నా సుఖాన్ని ఇంత నిదానంగా ఎలా అనుభవిస్తున్నానన్నదే నాకు అర్థం కాని విషయం.

దానియేలు గురించి చెప్పాలి. సత్తెనపల్లి పక్కన మా ఊళ్ళో ఒకటో తరగతి నుంచీ మాది ఒకే బల్ల. వాళ్ళమ్మ మా చేలో పత్తి తీతకు వచ్చేది. నేను పదో తరగతితో చదువుకు దణ్ణం పెట్టి కొట్లో కూర్చున్నాను. వాడు చదువుకుని, ఒక మిషన్ స్కూల్లో సోషల్ మాస్టారయ్యాడు. ముప్ఫై ఏళ్ళకు పైగా ప్రపంచ పటం గోడకు తగిలించి, కర్ర పెట్టి పిల్లలకు ఏడు ఖండాలు చూపించాడు. పటం అడుగున తెల్లగా ఉండే అంటార్కిటికా దగ్గరికి వచ్చేసరికి మాస్టారి గొంతే మారిపోయేదని వాడి శిష్యులు ఇప్పటికీ చెబుతారు. రిటైరైన రోజు సభలో, ఆ ఏడో ఖండం మీద కాలు పెట్టి వస్తానని అందరి ముందూ అనేశాడు. అందరూ నవ్వారు. నేనైతే మరీ నవ్వాను. అంత చలి సరదా ఉంటే మా కోల్డ్ స్టోరేజీలో రెండు గంటలు కూర్చోమన్నాను.

వాడు నవ్వలేదు. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులోంచి పక్కన పెట్టుకుని, అన్ని కాగితాలూ తనే నింపుకుని, చివరికి టికెట్టు కొన్నాడు. వాడి భార్య మరియమ్మ ఓడ పేరు చెబితేనే భయపడింది. "అన్నయ్యా, మీరు వెంట ఉంటే నాకు దిగులుండదు" అని నన్ను అడిగింది. అలా బయల్దేరాను నేను. వాడికి తోడుగా. ఈ మాట గుర్తుంచుకోండి. నేను వెళ్ళింది వాడిని చూసుకోవడానికి.

దక్షిణ అమెరికా కొస నుంచి ఓడ కదిలాక రెండు రోజులు నేను మనిషిని కాను. తిన్నది తిన్నట్టు సముద్రం పాలైంది. తోడు వచ్చినవాడికి వాడే తోడై నిమ్మకాయ నీళ్ళు పట్టాడు. మూడో రోజు కళ్ళు తెరిచి డెక్కు మీదికి వెళితే, ఓడ వెనకాలే పెద్ద రెక్కల పక్షి ఒకటి రెక్క ఆడించకుండా తేలుతోంది. దూరంగా మంచుకొండ. తెలుపని అనుకున్నాను గానీ దాని పగుళ్ళలో రంగు నీలం. ఎంత అందమండీ. ఆ అందం చూసినందుకు ఇప్పటికీ నాకు సంతోషమే, ఏం దాచుకోను.

నేల మీద దిగే ముందు ఓడవాళ్ళు ఒక తనిఖీ చేస్తారు. జేబులు, బూట్ల అడుగున గాడులు, చొక్కా మడతలు అన్నీ దులిపి, చిన్న యంత్రంతో పీల్చేస్తారు. బయటి విత్తనం ఒక్కటి కూడా ఆ నేల మీద పడకూడదు. ఆ రూలు నాకు నచ్చింది కూడా. విత్తనం సంగతి నాకు చెప్పాలా? కానీ మా వృత్తికి ఒక జబ్బుంది. కమిషన్ కొట్టువాడి జేబులో ఎప్పుడూ నాలుగు మచ్చు కాయలుంటాయి. ఎండు మిరపకాయను చెవి దగ్గర పెట్టి ఊపుతాం. లోపల గింజ గలగలమంటే కాయ బాగా ఎండినట్టు. తర్వాత విరిచి వాసన చూస్తాం. నలభై ఏళ్ళు చేశాక ఇది బుద్ధికి తెలియకుండా చెయ్యి చేసుకుపోయే పని. ఇంటి నుంచి కాయలు ఒక కవరు నిండా తెచ్చుకున్నాను. మొదటి తనిఖీలోనే దొరికాయి. తనిఖీ అధికారిణి కోప్పడలేదు. కవరును వంటగదికి పంపించి, మెల్లగా ఏదో చెప్పింది. దానియేలు నాకు తెలుగులో చెప్పాడు. మొదటిసారి కాబట్టి వదిలేస్తున్నారు. మళ్ళీ దొరికితే ఇక ప్రయాణం అయ్యేదాకా ఓడ దిగనివ్వరు.

తర్వాత మూడు రోజులు దీవుల మీద దిగాం. పెంగ్విన్‌ల గుంపుల మధ్య నడిచాం. ఆ వాసన మాత్రం ఫొటోల్లో రాదు, రాకపోవడమే మంచిది. రోజూ భోజనంలో వంటాయన మా కాయలు నూనెలో వేయించి పెట్టేవాడు, ఆ చప్పిడి కూరల్లో మేమిద్దరం నంజుకునేవాళ్ళం. ఒకరోజు వేయించనివి నాలుగు అడిగి తీసుకున్నాను. ఒకటి దానియేలుకిచ్చాను, వాడు అక్కడే కొరుక్కుతిన్నాడు. మిగిలినవాటిలో రెండు నా జాకెట్టు జేబులోకి వెళ్ళాయి. ఎందుకు? తినడానికి కాదు. డెక్కు మీద నిలబడి ఒకటి విరిచి వాసన చూస్తే ప్రాణానికి హాయిగా ఉండేది. అంతే.

దీవులు అయిపోయాయి. మర్నాడు ఉదయం అసలు ఖండం. దానియేలుకు కావలసింది అదొక్కటే. దీవులు లెక్కలోకి రావని వాడి వాదన. కర్ర పెట్టి చూపించింది ఖండాన్ని కదా.

బూట్లు వేసుకునే గదిలో మా జాకెట్లు పక్కపక్క కొక్కేలకు వేలాడుతుంటాయి. అందరికీ ఒకే ఎర్ర రంగు, కొక్కేలకు మాత్రం నంబర్లు. ఆ ఉదయం నేను ముందు వెళ్ళాను. వెళ్ళేసరికి తనిఖీ అధికారిణి నేల మీద వంగి ఏదో చూస్తోంది. చిన్న పట్టకారుతో ఎత్తి అరచేతిలో పెట్టుకుంది. నాకు దూరం నుంచే తెలిసింది. మిరప గింజ. అందరి జేబులూ మళ్ళీ చూస్తామని, వరసగా రమ్మని చెప్పింది.

కొక్కేనికున్న నా జాకెట్టు జేబులోకి చెయ్యి వెళ్ళింది. కాయలు పొడై ఉన్నాయి. గింజలు వేళ్ళకు అంటుకున్నాయి.

అప్పుడు నేను ఆలోచించలేదని చెప్పడం తేలిక. కానీ ఆలోచించాను. బేరగాడి బుర్ర కదా, చాలా వేగంగా ఆలోచించింది. నాకిది రెండో తప్పు, వాడికైతే మొదటిది. నన్ను దిగనివ్వరు, వాడిని మందలించి వదిలేస్తారు. ఎవరికీ నష్టం లేదు. ఆవిడ అటు తిరగగానే నా జాకెట్టు వాడి కొక్కేనికి తగిలించి, వాడిది నేను తొడుక్కున్నాను. రెండు నిమిషాల తర్వాత వాడు వచ్చాడు, ముఖమంతా నవ్వు, పెళ్ళికొడుకులా దువ్వుకున్నాడు.

వాడి జేబులో నుంచి ఎర్రటి పొడి, గింజలు ఆవిడ తెల్ల పళ్ళెంలో పడ్డాయి. దానియేలు పళ్ళెం వైపు చూశాడు. కొక్కెం నంబరు చూశాడు. మళ్ళీ జేబులో వెతికాడు.

"ఇందులో నా కాగితం ఉండాలిరా" అన్నాడు.

నేను వంగి బూట్లు సర్దుకున్నాను.

"నువ్విచ్చిన కాయ తినేశాననుకున్నానే. జేబులో పెట్టుకున్నానా? ఒరేయ్, నేను పెట్టుకోవటం నువ్వేమన్నా చూశావా?"

"చూశాను" అన్నాను. "ఇంత తుంపి తిని, మిగతాది జేబులో వేసుకున్నావు గదరా."

"నిజంగానే?"

"నా కళ్ళతో చూశాను."

వాడు కాసేపు పళ్ళెం వైపే చూశాడు. "మా అమ్మకు కూడా మతిమరుపు ఇట్లానే మొదలైంది" అన్నాడు, చాలా చిన్నగా.

జాకెట్టు మార్చడం భయంతో చేసింది. సరే. ఆ మాట ఎందుకన్నాను? 'ఏమో, చూడలేదు' అంటే సరిపోయేది. వాడు ఇది నా జాకెట్టేనా అని ఇంకో ప్రశ్న వేస్తాడని నాకు తెలుసు, అది రాకముందే తలుపు మూశాను. ఇంకొకటి కూడా నన్ను నేను అడుగుతుంటాను. పక్కన దానియేలు కాకుండా మా పెదనాన్న కొడుకు ఉండి ఉంటే అలా చేసేవాణ్ణా? మా చేలో వంగి పత్తి తీసిన మనిషి కొడుకు కాబట్టి, వాడు సర్దుకుంటాడులే అని నాలో ఎక్కడో ఉందా? లేదని చెప్పాలని ఉంది. చెప్పలేకపోతున్నాను.

ఆవిడ మర్యాదగానే మాట్లాడింది. జాకెట్టు పూర్తిగా శుభ్రం చేయాలి, మధ్యాహ్నం రెండో విడతలో దింపుతాం అంది. చూశారా, ఒక్క పూట ఆలస్యం, అంతే అనుకుని నేను రబ్బరు పడవ ఎక్కాను.

ఖండం మీద దిగాను. ఆనందించాను. అది కూడా ఒప్పుకోవాలి. ఒక పెంగ్విన్ పక్క గూట్లో రాయి దొంగిలించి, ఏమీ ఎరగనట్టు నడిచి వచ్చి తన గూట్లో పెట్టుకుంటుంటే కడుపుబ్బ నవ్వాను. ఎదుట మంచు గోడ నుంచి ఒక ముక్క విరిగి నీళ్ళలో పడితే, ముందు కంటికి కనిపించి తర్వాత చెవికి వినిపించింది. ముక్కు తుడుచుకుందామని రుమాలు కోసం జేబులో చెయ్యి పెట్టాను. నాలుగు మడతల కాగితం. వాడి గుండ్రటి అక్షరాలు. చర్చి వరండాలో వాడు ఊరికే పాఠాలు చెప్పే పిల్లల పేర్లు, వరసగా. పైన ఒక వాక్యం: ఖండం మీద నిలబడి పైకి చదవాలి.

నేను చదవలేదు. కాగితాన్ని మళ్ళీ మడిచి నా చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాను. ఇప్పుడది నా బీరువాలో ఉంది.

మధ్యాహ్నానికి గాలి లేచింది. రెండో విడత రద్దు చేశారు. ఓడ వెనక్కి తిరిగింది. నేను గదికి వెళ్ళేముందే, శుభ్రం చేసి తగిలించిన నా జాకెట్టుతో వాడిది మళ్ళీ మార్చేశాను, అది కూడా మరిచిపోలేదు. దానియేలు డెక్కు మీద ఉన్నాడు. ఏడుస్తుంటాడనుకున్నాను. వాడు మెరిసిపోతున్న ముఖంతో, నేను లేనప్పుడు ఓడ పక్కనే తిమింగలం లేచిందని, దాని కన్ను తనను చూసిందని, పిల్లతో పాటు ఉందని చెప్పడం మొదలుపెట్టాడు. అరగంట చెప్పాడు. వాడి స్వభావమే అంత, ఎండు చేలో కూడా నాలుగు కాయలు ఏరుకుంటాడు. చివర్లో మాత్రం, ఆ కాగితం ఎక్కడ పెట్టానో ఎంత తలుచుకున్నా తట్టడం లేదన్నాడు.

ఖండం పోయింది. అది ఒక్కటే అయితే ఎప్పుడో ఒకప్పుడు వాడికి చెప్పి, తిట్లు తిని, చెరో కాఫీ తాగి ఉండేవాళ్ళం. వచ్చాక స్కూల్లో వాడికి సన్మానం చేశారు. పక్కన కూర్చున్నందుకు నాకూ శాలువా కప్పారు. వాడు మైకు ముందు నిలబడి, ఖండం మీద దిగలేదని, అది తన మతిమరుపు వల్లేనని ఉన్నదున్నట్టు చెప్పి తనే నవ్వాడు. ఆ తర్వాత చొక్కా జేబులో చిన్న పుస్తకం మొదలైంది. స్టవ్ ఆపానా, తాళం వేశానా, మాత్ర వేసుకున్నానా, అన్నీ రాసుకోవడం. నేనే కారులో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. పరీక్షలు చేసి అంతా బాగుందన్నారు. మొదట్లో పరీక్షలకు దొరకదులే అన్నాడు వాడు. మా వయసువాళ్ళందరూ మరిచిపోయే చిన్న చిన్న విషయాలు మనందరికీ నవ్వుకునే సంగతులు, వాడికి మాత్రం సాక్ష్యాలు. రెండేళ్ళకు చర్చి వరండాలో పాఠాలు మానేశాడు. పిల్లలకు తప్పు చెబితే ఎట్లా అన్నాడు. నల్లపాడులో వాడింటి ముందు నుంచి వెళుతుంటే, ప్రపంచ పటం చుట్టి గోడకు ఆనించి కనిపిస్తుంది.

ఎన్నిసార్లు చెప్పబోయానో. ఒకసారి, మరియమ్మ చనిపోయిన ఏడాది, ఇప్పుడు కాదులే అనుకున్నాను. ఒకసారి వాడే నా చెయ్యి పట్టుకుని, నాకు పూర్తిగా మతి తప్పితే నువ్వున్నావురా, జరిగినవి జరిగినట్టు చెప్పడానికి అన్నాడు. అప్పుడు చెప్పాల్సింది. వాడి కోపానికి భయపడ్డానా? కాదు. వాడికి కోపం రాదేమోనని భయపడ్డాను. పోనీలేరా అని నవ్వేస్తాడు. ఆరేళ్ళుగా ఆగిపోయిన ఆ పిల్లల పాఠాలను వాడు కూడా పోనీలే అనలేడు కదా, అన్నా నేను తీసుకోకూడదు కదా.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. మీరెవరు క్షమించడానికి? ఈ కాగితాలు వాడి ముందు పెడతానో లేదో కూడా ఇప్పుడే మాట ఇవ్వలేను. ఇచ్చి తప్పిన మాటలు నా దగ్గర చాలా ఉన్నాయి. కానీ ఇంతవరకూ రాసేసరికి ఊపిరి నిండుగా అందింది. మిగిలిన ఒక్క సంగతి కూడా రాసి ముగిస్తాను. ఎనిమిదేళ్ళ తర్వాత మొదటిసారి దీన్ని కాగితం మీద నా కళ్ళతో చూసుకోవాలి.

దానియేలు ఆ రోజు ఏదీ మరిచిపోలేదు. కాయ తిన్నాననుకున్నాడు, తిన్నాడు. కాగితం జేబులో పెట్టాననుకున్నాడు, పెట్టాడు. వాడి మతి బాగుంది.