కుడికాలి పగ

గన్నవరంలో మ్యాచ్ జరుగుతోంది. మోకాలు జారినట్టుంది సార్ అని నేనంటే మా కబడ్డీ కోచ్ గారు, "నాటకాలాపి కూతకెళ్ళు" అన్నారు. వెళ్ళాను. కుడి మోకాల్లో లిగమెంటు తెగింది. నేనింకా మట్టిలో పడి ఏడుస్తుండగానే పక్కవాళ్ళతో, "దీని పనైపోయింది. ఇక వాళ్ళమ్మతో కలిసి చేపలమ్ముకోమనండి" అన్నారు. కొల్లేటి చేపలమ్మే మా అమ్మ నన్ను పెంచింది. ఆ మాటకి ఈరోజుకీ నా ఒళ్ళు మండుతుంది.

ఆపరేషన్ అయ్యాక మొదట్లో మడమ కింద తువ్వాలు పెట్టి మోకాలు కిందికి నొక్కడమే. ప్రాణం పోయేది! కొన్నాళ్ళకి ఫిజియో మేడమ్ నన్ను పటమటలో ఒళ్ళు తగ్గించే సెంటర్‌కి తీసుకెళ్ళింది. ఇది రెండువేల సంవత్సరం దాటాక మాట, ఆ రోజుల్లో ఆవిడకి తెలిసి వైబ్రేషన్ ప్లేట్, అంటే కాళ్ళ కింద గడగడా అదిరే పలక, అక్కడే ఉంది. పొట్ట కరుగుతుందని ఆడవాళ్ళు దానిమీద ఊరికే నిలబడి కబుర్లాడేవాళ్ళు. నేను మోకాళ్ళు సగం వంచి నిలబడేదాన్ని. కాస్త బలం వచ్చాక కుడికాలొక్కదాని మీదే. పళ్ళు టకటకలాడేవి, తొడ మంటెత్తేది. ఆ ప్లేటు కింద కోచ్ గారి మొహం ఉందనుకుని తొక్కేదాన్ని.

"చాలు దిగమ్మా, ఎవరిమీద ఈ కసి?" అంది మేడమ్.

"ఉన్నాడులెండి ఒక మహానుభావుడు!"

జిల్లా జట్టు సెలెక్షన్ గుణదలలో పెట్టారు. వయసు దాటిపోతోంది, ఈసారి తప్పితే నా ఆట అంతే. ఎదురుగా కోచ్ గారి దగ్గర ఆట నేర్చుకునే పిల్లలు. ఆయన నేర్పే పాఠం నాకు తెలుసు, అవతలి వాళ్ళ మోకాలికి పట్టీ కనిపిస్తే ఆ కాలే పట్టమంటారు. ఆపరేషన్ మచ్చ కనపడకుండా ట్రాక్ ప్యాంటు వేసి, దానిమీద మోకాలి పట్టీ తొడుక్కున్నాను, నిక్షేపంలా ఉన్న ఎడమకాలికి.

కూతకెళ్ళగానే, "ఆ మోకాలే పట్టండర్రా!" అని అరిచారు. ముగ్గురు అమ్మాయిలు ఎడమకాలి మీద పడ్డారు. కుడికాలు నేలకి తన్ని ముగ్గుర్నీ ఈడ్చుకుంటూ వచ్చి గీత ముట్టాను. ముగ్గురూ అవుట్. నా కడుపు చల్లబడింది.

సాయంత్రం జట్టులో నా పేరు చదివారు. ఆయన దగ్గరికొచ్చి, "అదేంటే, ఆపరేషన్ ఆ కాలికి కాదా?" అన్నారు.

"కుడికాలికండీ. ఒక్కసారైనా ఆస్పత్రికొచ్చుంటే తెలిసేది" అన్నాను, అందరికీ వినపడేలా.

ఆయన పిల్లలంతా తలెత్తి ఆయన వైపు చూశారు. ఆ ముగ్గురిలో ఒకమ్మాయి తన మోకాలు తడుముకుంది.