రమణమ్మ లెక్కలో మూడో మనిషి

2022 వేసవి. ఉదయగిరి వైపు అంబులెన్స్‌లో టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. వరికుంటపాడు దారిలోని ఒక పల్లె నుంచి ఫోన్ వచ్చింది, పొలం బావిలో ఇద్దరు పడిపోయారని. పొలాల్లోకి మలుపు తిరగ్గానే దారికి అడ్డంగా గొర్రెల మంద, తోలేవాడు లేడు. హారన్ కొట్టి తప్పించుకుని వెళ్లాం. ఫైర్ వాళ్లు అప్పటికే వచ్చి ఉన్నారు. బావి చుట్టూ జనం, జనం చేతుల్లో ఫోన్లు. ఆ ఫోన్లెత్తిన చేతుల్ని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

జరిగింది ఇది. అడుగు నీళ్లు తోడేసి పూడిక తీద్దామని మాలకొండయ్య అనే రైతు డీజిల్ ఇంజన్‌ను బావి లోపలి రాతి గట్టు మీదికి దించి నడిపాడు. మా వైపు చాలామంది చేసే పనే. ఇంజన్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. రంగూ వాసనా లేని ఆ విషవాయువు బావిలో నిండితే మనిషికి తెలియకుండానే ఒళ్లు వశం తప్పుతుంది. అన్న పైకి రాకపోయేసరికి తమ్ముడు దిగాడు. అతనూ రాలేదు.

మా ఉద్యోగంలో మొదటి పాఠం సీన్ సేఫ్టీ, అంటే కాపాడబోయి మనమూ శవం కాకుండా చూసుకోవడం. అందుకే ఆక్సిజన్ మాస్కులున్న ఫైర్ వాళ్లే దిగి ఇద్దర్నీ పైకి చేర్చారు. మాలకొండయ్య అప్పటికే పోయాడు. తమ్ముడికి ఊపిరి ఆడుతోంది. వేలికి పెట్టిన పల్స్ ఆక్సీమీటర్ తొంభై ఎనిమిది చూపించింది. ఈ వాయువు పీల్చినవాడి దగ్గర ఆ అంకెను నమ్మకూడదు. రక్తంలో ఉన్నది ఆక్సిజనో విషమో ఆ మిషన్‌కు తేడా తెలియదు. ఆక్సిజన్ పెట్టి స్ట్రెచర్ ఎత్తుతుంటే ఒకామె అడ్డం వచ్చింది.

మాలకొండయ్య భార్య రమణమ్మ. పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. ఎడమ చెయ్యి తలపైకెత్తి పట్టుకుని, కుడి పిడికిలితో ఆ భుజం మీద కొట్టుకుంటోంది. మొగుడి శవం పక్కనే ఉన్నా అటు చూడటం లేదు.

"మొగుడు పోయినాడు గదా సార్, మతి చెడింది. ఆమెని పక్కకి తీసుకపోండమ్మా," అన్నాడు ఊరి పెద్దాయన.

ఆడవాళ్లు పట్టుకుంటే విదిలించుకుని మళ్లీ నా ముందుకే వచ్చింది. నేను చాలా ఏడుపులు చూశాను. గుండెలు బాదుకుంటారు, తల కొట్టుకుంటారు. చెయ్యెత్తి పట్టుకుని ఒకే చోట కొట్టుకోవడం చూడలేదు. పైగా ఆమె కళ్లల్లో నీళ్లు లేవు.

"ఏం చెప్తోంది అవ్వా?" అని పక్కనున్న ముసలామెను అడిగాను.

"ఏమో నాయనా. ఆ సైగలు చిన్నప్పుడు అదీ దాని అక్కా కల్పించుకున్నయ్యి. మాకెవురికీ తెలవ్వు. అక్క అనంతసాగరంలో ఉండాది."

ఎవరి చేతిలోదో ఫోన్ లాక్కుని అక్కకు వీడియో కాల్ చేయించాను. రమణమ్మ ఫోన్ ముందు మళ్లీ భుజం కొట్టుకుని బావి వైపు చూపించింది.

"అది మా లెక్క సార్. భుజమంటే మూడు. ముగ్గురు దిగినారంటా ఉండాది. ఇంకొకడు లోపలే ఉండాడు."

గడ్డిమోపు మోసుకొచ్చేటప్పుడు ఒక చెయ్యి మోపు మీద, ఇంకో చేతిలో కొడవలి. వేళ్లు చూపడానికి వీల్లేదు. అందుకని అక్కాచెల్లెళ్లు పైకెత్తిన చేతినే లెక్కగా చేసుకున్నారు. పిడికిలి మణికట్టుకు తగిలిస్తే ఒకటి, మోచేతికి రెండు, భుజానికి మూడు, చెవికి నాలుగు. ఇదంతా అక్క తర్వాత చెప్పింది.

"ముగ్గురేంది? ఆ ఇంట్లో మగోళ్లు ఇద్దరే గదా," అన్నాడు పెద్దాయన. ఫైర్ వాళ్లు తాడు చుట్టేస్తున్నారు. నేను అరిచాను. మళ్లీ దిగారు.

ఇంజన్ వెనక సందులో దొరికాడు. ముక్కుకు తువ్వాలు కట్టుకుని ఉన్నాడు. జలదంకి నుంచి మేపుకి వచ్చిన గొర్రెల కాపరి. దారిలో మందను అందరం చూశాం, కాపరి ఏమయ్యాడని ఒక్కరమూ అనుకోలేదు. నాడి సన్నగా తగిలింది. అతన్ని నేల మీద పడుకోబెట్టాక రమణమ్మ చెయ్యి దించింది. వెళ్లి మొగుడి తల ఒళ్లో పెట్టుకుని అప్పుడు ఏడ్చింది. అంతవరకు ఆ ఏడుపును ఎక్కడ ఆపుకుందో నాకు అర్థం కాలేదు.

తమ్ముడు బతికాడు. కాపరి ఆత్మకూరు ఆసుపత్రి చేరేలోపే నా చేతుల కింద పోయాడు.

మర్నాడు ఆసుపత్రి మార్చురీ దగ్గర కాపరి భార్య నన్ను అడిగింది. "ముక్కూ మొగం తెలీనోళ్ల బావిలో ఈయనెందుకు దిగినాడు సార్?"

మొగుడి శవం కోసం వచ్చిన రమణమ్మ, అనంతసాగరం నుంచి వచ్చిన అక్క అక్కడే కూర్చుని ఉన్నారు. అక్క ఆ మాటను సైగల్లో చెల్లెలికి చెప్పింది. రమణమ్మ లేచి వచ్చింది. దారిలో పోతున్న మనిషిని చెయ్యి పట్టి బావి దాకా లాక్కొచ్చినట్టు చేసి చూపించింది. ఆ సంగతి చూసినవాళ్లు లేరు, దాచుకోవచ్చు. దాచుకోలేదు. చెయ్యి పైకెత్తి మణికట్టు మీద పిడికిలి ఆనించి, ఆ పిడికిలి తన గుండె మీద పెట్టుకుంది. ఒకరు, నా వల్ల. కాపరి భార్య ముఖం తిప్పుకుంది. ఆమెనూ తప్పు పట్టలేను.

లోపల ఎంతమంది ఉన్నారని ఇప్పుడు ప్రతిచోటా అడుగుతాను. గుంపులో ముందు నిలబడ్డవాళ్లను మాత్రం అడగను. ఎవర్ని పక్కకు లాగేస్తున్నారో చూసి, వాళ్ల దగ్గరికి వెళతాను.