బాపు అయితే తలుపెందుకు తీయడు

నా చిన్నప్పుడు మా ఇంటిని ఊళ్లో ఎవరూ ఇల్లు అనేవారు కాదు, గడి అనేవారు. మా ముత్తాత తండ్రి కాలం నుంచి జఫర్‌గఢ్ చుట్టుపక్కల పదకొండు ఊళ్లకు మాది దేశ్‌ముఖుల వంశం. మా ముత్తాత గుర్రం మీద వస్తుంటే దారిలోని మనుషులు చెప్పులు చేత పట్టుకుని పక్కకు నిలబడేవారట. మా తాతయ్య హైదరాబాదులో ఉర్దూ మాధ్యమంలో చదువుకుని, తండ్రి పోగానే ఊరికి వచ్చి ఆయన కుర్చీలో కూర్చున్నాడు. నేను ఆ తాతయ్య పెద్ద కొడుకు కూతురిని. ఇది గొప్ప కోసం రాయడం లేదు. ఆయన ఎంత ఎత్తున కూర్చున్న మనిషో తెలియకపోతే, ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన చేసిన పని ఎంతటిదో చదివేవారికి అందదు.

నేను పుట్టేనాటికి ఆ ఎత్తు చాలావరకు తగ్గిపోయింది. భూములు కొన్ని చట్టానికి పోయాయి, కొన్ని అన్నదమ్ముల పంపకాల్లో పోయాయి. మా నాయన అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో కాలేజీ మూతబడి ఏడాది చదువు పోగొట్టుకున్నా, తర్వాత పూర్తి చేసి జనగామలో సర్కారు కొలువులో చేరాడు. ఊరివాళ్లు గడి ముందు సైకిలు దిగకుండానే వెళ్లడం మొదలుపెట్టారు. పండగ పూట కూడా ఎవరూ లోపలికి వచ్చేవారు కాదు. తాతయ్య మాత్రం రోజూ స్నానం చేసి, తెల్లని ధోవతి కట్టి, దర్వాజకు ఎదురుగా వసారాలో వేసిన పెద్ద కుర్చీలో నిటారుగా కూర్చునేవాడు. పొద్దు గుంకేదాకా అలాగే ఉండేవాడు.

అలాంటి రోజుల్లో మా నాయన టీవీ కొన్నాడు. ఊరికంతటికీ అదే మొదటిది. మేడ మీద వెదురు బొంగుకు ఏంటెనా కట్టి హనుమకొండ దిక్కుకు తిప్పితే బొమ్మ వచ్చేది, గాలి లేస్తే పోయేది. ఆదివారం మధ్యాహ్నం దేశంలోని ఏదో ఒక భాష సినిమా వేసేవారు. కింద ఇంగ్లీషు అక్షరాలు నడిచేవి. మా ఊరివాళ్లు అన్ని భాషల సినిమాలూ చూశారు కానీ, బెంగాలీ సినిమా అంటే మాత్రం తిండి మానేసి వచ్చేవారు.

ఎందుకని ఇప్పుడు అడిగితే నాకు తోచింది చెబుతాను. ఆ సినిమాల్లో మాకు తెలిసినవన్నీ ఉండేవి. వరి మడులు, నీళ్లలో తిరిగే బాతులు, కొంగుకు తాళంచెవుల గుత్తి కట్టుకున్న ఆడవాళ్లు, వాన కోసం ఆకాశం చూసే ముసలివాళ్లు. జనగామ టాకీసులో ఆడే తెలుగు సినిమాల్లో మా యాస మాట్లాడేవాడు రౌడీ అయినా అయ్యేవాడు, నవ్వించేవాడైనా అయ్యేవాడు. మా మాట తెర మీద వినిపిస్తే హాలంతా నవ్వేది, మేమూ నవ్వేవాళ్లం. బెంగాలీ సినిమాలో ఒక్క ముక్క అర్థం కాకపోయినా, మమ్మల్ని వెక్కిరించేవాడు అందులో లేడు. మా నానమ్మ అయితే తను చదివిన బెంగాలీ నవలల అనువాదాలను తెలుగు కథలనే అనుకునేది. ఆ మనుషులు బెంగాలీలో మాట్లాడుతుంటే, మనవాళ్లకు ఈ భాష ఎప్పుడు వచ్చిందని ఆశ్చర్యపోయేది.

అలా ఆదివారం మధ్యాహ్నాలు గడి మళ్లీ నిండింది. టీవీని హాలు గుమ్మంలో పెట్టేవారు. తాతయ్య కుర్చీ దాని పక్కనే. జనం వసారా నేల మీద కూర్చునేవారు. కింది అక్షరాలు చదివి అర్థం చెప్పే పని తాతయ్యది. ఆయన తెర వైపు ఒకసారి చూసి, గొంతు సవరించుకుని, మెల్లగా కథ చెబుతుంటే వసారాలో చప్పుడు ఉండేది కాదు. పదేళ్ల తర్వాత మళ్లీ ఆయన మాట కోసం మనుషులు ఎదురుచూశారు. ఆదివారాలు ఆయన మొహం వెలిగిపోయేది.

ఆ సినిమాల్లో ప్రతి పెద్దమనిషినీ పేరు చివర బాబు అని చేర్చి పిలిచేవారు. మా వాళ్ల చెవికి అది బాపు అని వినిపించింది. మా వైపు బాపు అంటే తండ్రి. మొదటిసారి అది విని, మాకు క్షౌరం చేసే ముసలాయన ఆగలేకపోయాడు.

“ఓర్నీ! గీయనకు గింతమంది పిల్లలేందిర? ఊరు ఊరంత బాపు అనవట్టె!”

అందరూ పగలబడి నవ్వారు. తాతయ్య నవ్వలేదు.

“పిల్లలు కాదురా. ఊరును కడుపుల పెట్టుకొని సాదిండు. గందుకే బాపు అంటున్నరు.”

అక్కడ మొదలైంది. ఆ తర్వాత ఏ సినిమాలో జమీందారు వచ్చినా తాతయ్య కథలో ఆయన ధర్మాత్ముడే. ఏ గుడిసె కాలినా పిడుగు వల్లే, ఎవరు ఊరు విడిచిపోయినా తీర్థయాత్రకే. మా తాతయ్యను ఊళ్లో అందరూ దొర అనేవారు. బాపు అని ఎవరూ అనలేదు.

నేను హనుమకొండలో కాన్వెంటులో చదివేదాన్ని. ఆ ఎండాకాలం సెలవులకు వచ్చేసరికి కింది అక్షరాలు తడుముకుంటూ చదవగలిగేదాన్ని. తాతయ్య కుర్చీ పక్కన పీట మీద కూర్చుని రెండు ఆదివారాలు చదివాక విషయం తెలిసింది. ఆయన చెప్పేదానికీ అక్కడ ఉన్నదానికీ పొంతన లేదు. ఆయనకు ఇంగ్లీషు రాదు. ఉర్దూ పుస్తకం గంటల తరబడి చదివే మనిషికి ఇంగ్లీషు రాదన్న సంగతి మా ఇంట్లోనే ఎవరికీ పట్టలేదు. నేను ఎవరికీ చెప్పలేదు. చెబితే వసారా ఖాళీ అవుతుందని, తాతయ్య మళ్లీ ఒంటరిగా దర్వాజ వైపు చూస్తూ కూర్చుంటాడని నాకు భయం. పది మందిలో ఆయన తల దించుకోవడం నేను చూడలేను. దేశ్‌ముఖుల పిల్లను, ఇంటి గుట్టు కాపాడుతున్నానని నాకు గర్వం కూడా.

మూడో ఆదివారం వచ్చిన బెంగాలీ సినిమా నది ఒడ్డున ఉన్న ఒక జమీందారు ఇంటిది. పడవ నడిపేవాడి కుటుంబం వానలో తడుస్తూ ఆ ఇంటి పెద్ద తలుపు ముందు నిలబడింది. పడవవాడి పెళ్లాం చంకలో పిల్లను పెట్టుకుని, తలుపు బాదుతూ, బాబూ బాబూ అని ఏడుస్తోంది. లోపల జమీందారు కుర్చీలో కూర్చుని వింటున్నాడు. లేవడం లేదు.

తాతయ్య అర్థం చెప్పాడు. “పిల్లకు జరమొచ్చింది. బాపు మందిస్తడని వచ్చిండ్రు.”

వసారా చివర, మెట్టు దగ్గర, తండా నుంచి వచ్చే లంబాడ అవ్వ కూర్చుని ఉంది. మూడు కోసుల దూరం ఎండలో నడిచి వచ్చేది. ఆమెకు తెలుగే పరాయి భాష, ఏరుకుని ఏరుకుని మాట్లాడేది. ఆమె లేచి నిలబడింది. ఎగతాళి లేదు ఆమె గొంతులో. నిజంగానే అడిగింది.

“దొరా, మా మాటల గూడ బా అంటె తండ్రే. బాపు అయితె తల్పు ఎందుకు తీస్తలేడు?”

తెర మీద పడవవాడి పెళ్లాం ఇంకా తలుపు బాదుతూనే ఉంది. కుర్చీ చేతిని తాతయ్య వేళ్లు గట్టిగా పట్టుకోవడం పక్కనే ఉన్న నాకు కనిపించింది. ఆయన నా వైపు తిరిగాడు. ఆ చూపుతో నాకు తెలిసిపోయింది, నాకు చదవడం వచ్చని ఆయనకు ముందే తెలుసు.

“ఏం రాసుంది బిడ్డా?”

అక్షరాలు స్పష్టంగానే ఉన్నాయి. చదివాను, అర్థమైంది. అయినా ఇంటి పరువు నా నాలుక మీద ఉందనుకుని, అందరికీ వినబడేలా చెప్పాను.

“గడియ పట్టేసిందంట అవ్వా. తియ్యవొస్తలేదంట.”

కొందరు తలలూపారు. తండా అవ్వ తల దించుకుంది. నమ్మి కాదు, నా అబద్ధానికి ఆమె సిగ్గుపడి.

తాతయ్య లేచి నిలబడ్డాడు. ఆయన నిలబడితే జనం కూడా నిలబడబోయారు. కూర్చోమని చెయ్యి చూపించాడు.

“నాకు ఇంగ్లీషు రాదు” అన్నాడు. “గిన్ని వారాలు నేను చెప్పిన కతలు గా సినిమాలయి కావు. నేను కల్పించి చెప్పినయి. నన్ను చూసి ఈ పిల్ల గూడ నేర్సింది. ఈ కుర్చీల కూసో బిడ్డా. రాసింది రాసినట్టు సదువు.”

నేను కదలలేదు. ఆయనే నన్ను చెయ్యి పట్టి కుర్చీలో కూర్చోబెట్టి, జనం మధ్య నుంచి నడిచి, ఖాళీగా ఉన్న ఒకే ఒక్క చోట, వసారా చివరి మెట్టు మీద కూర్చున్నాడు. అక్కడ నీడ లేదు. నా కాళ్లు నేలకు అందలేదు. తెర మీద పడవవాడి పెళ్లాం మరోసారి అదే మాట అంటుంటే, ఒక్కో ముక్కా కూడబలుక్కుని చదివాను.

“ఈ చేను మా మామ అడివి కొట్టి చేసిండు. మీ పేరు మీదికి ఎట్ల పోయింది బాబూ?”

తండా పక్కన అడవి కొట్టి చేసిన మెట్ట చెలక ఒకటి మా తాతయ్య పేరు మీద ఉంది. దాన్ని చేసింది ఈ అవ్వ మామే. ఆ సంగతి వసారాలో ఉన్న ప్రతి మనిషికీ తెలుసు. నాకు తెలియదు. అందరూ ఎందుకు నేల చూపులు చూస్తున్నారో తర్వాత మా నానమ్మ చెబితే తెలిసింది.

మొదట మాట్లాడింది క్షౌరం చేసే ముసలాయన. భుజం మీది తువ్వాలు తీసి తాతయ్యకు అందించాడు.

“మెట్టు కాలుతది దొరా. జర గిది ఏసుకొని కూసో.”

తాతయ్య తీసుకున్నాడు. పరుచుకున్నాక తండా అవ్వ వైపు తిరిగాడు.

“నాకు రాదని నీకు ఎర్కేనా?”

“ఎర్కనే దొరా. మొకాలు చూస్తె తెల్వదా, ఏడ్సేటోల్లు ఎవరో ఏడిపిచ్చేటోల్లు ఎవరో?”

“ఎర్క ఉండి గింత దూరం ఎందుకొచ్చినవ్?”

“రెండు కతలాయె గద. ఒకటి కండ్లతోటి చూసిన, ఒకటి చెవులతోటి ఇన్న.”

ఎవరో చిన్నగా నవ్వారు. తాతయ్య నవ్వలేదు, కోపగించుకోలేదు. “చదువు బిడ్డా, ఆగకు” అన్నాడు. సినిమా అయిపోయేదాకా చదివాను. రాని మాట దగ్గర రాదని చెప్పాను. అలాంటి చోట అందరూ తండా అవ్వ వైపు చూసేవారు, ఆమె మొహాలు చూసి చెప్పేది. సగానికి పైగా సరిగ్గానే ఉండేవి.

వసారా ఖాళీ అవుతుందన్న నా భయం నిజం కాలేదు. మరుసటి ఆదివారం కూడా అందరూ వచ్చారు. ఇజ్జత్ తీశావని మా చిన్నతాత వచ్చి కేకలు వేస్తే తాతయ్య బదులు చెప్పలేదు. ఆదివారాలు ఆయన మెట్టు మీదే కూర్చునేవాడు, నేను సెలవులకు వచ్చినప్పుడల్లా కుర్చీలో కూర్చుని చదివేదాన్ని. అయితే ఆ చెలక సంగతి ఆయన ఎన్నడూ ఎత్తలేదు. ఆమె కూడా మళ్లీ అడగలేదు. మా తాతయ్య మీద నాకెంత గౌరవం ఉన్నా ఆ ఒక్కటి దాచి రాయను. ఆయన ఒక తలుపు తీశాడు, రెండోది తీయలేకపోయాడు.

నేను ఆయన దగ్గర నేర్చుకున్నది మొదటి తలుపు సంగతే. లేనిదాన్ని లేదని, రానిదాన్ని రాదని పది మందిలో చెప్పడానికి తల దించుకోవలసిన పని లేదు. నిలబడి చెప్పవచ్చు. ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పాను, తెలియనిది అడిగితే తెలియదనే చెప్పాను. చివరకు గడిని కొనడానికి మనుషులు వచ్చి ఎందుకు అమ్ముతున్నారని అడిగినప్పుడు, వాస్తు కలిసి రాలేదని చెబుదామని మా తమ్ముళ్లు అన్నారు. ఇంటికి పెద్దదాన్ని నేను. నిలబెట్టుకునే శక్తి లేక అమ్ముతున్నామని చెప్పాను. గడి, వెనకనున్న మూడెకరాల జాగా, రెండు బావులు కలిపి ఒకే కాగితం మీద అమ్మేశాం.